చివరి మడి దాకా

“వాణ్ణి పట్టుకోని పోతారయ్యా, చూస్తా ఉండు,” అంది సామ్రాజ్యం.

అప్పటికి ఏమీ జరగలేదు. ఆదివారం ఆరాధన ముగించుకుని అందరూ ఇంటికొచ్చారు. ఆమె భర్త ఏసుమణి వసారాలో కూర్చుని ఎద్దుకు పలుపు పేనుకుంటున్నాడు. కొడుకు హెబ్రోను లోపల పెట్టె సర్దుకుంటూ ఈల వేస్తున్నాడు. ఇరవై నాలుగేళ్ల మనిషి ఈల వేస్తే పట్టుకుపోవాల్సినంత నేరం ఏముందో ఏసుమణికి తోచలేదు.

“ఎవురు?” అన్నాడు తాడు మీద నుంచి చూపు తిప్పకుండా.

“ఎవురైతేనేం. పట్టుకోని పోయేవాళ్లకు కరువా?”

“పోయిన వారం వాడికి కామెర్లొస్తాయన్నావు. అంతకు ముందు అల్లూరు రోడ్డులో బస్సు కింద పడతాడన్నావు.”

“రాలేదు గదా? పడలేదు గదా? నేను ముందే అనుకోబట్టి తప్పిపోయినాయి. నువ్వు అనుకోవు గాబట్టి నీ భాగం కూడా నేనే అనుకోవాల.”

ఏసుమణి నవ్వాడు గానీ, ఆమె నవ్వలేదు. కీడు ఏదైనా సరే, ముందుగా పేరు పెట్టి పిలిచి ఇంటి బయట నిలబెడితే లోపలికి రాదని ఆమె నమ్మకం. ఒక్కసారే ఆమె అలా భయపడటం మరిచిపోయింది. పదమూడేళ్ల కిందట ఆమె తమ్ముడు జకరయ్య చూరులో పాటల కాగితాల కట్ట దాచాడు. కూలి గురించి, భూమి గురించి పాటలు. పోలీసులు కప్పు గడ్డి పీకి ఆ కట్ట తీశారు, జకరయ్యను జీపెక్కించారు. రెండేళ్లకు తిరిగొచ్చాడు, ఎముకల గూడూ దగ్గూ మిగిలి. ఆ వానాకాలం దాటలేదు. పాటలు పాడితే ప్రాణం పోతుందని ఆమెకు అంతకు ముందు తట్టనే లేదు. అప్పటి నుంచి కాగితం మీద ఏ ముక్క కనిపించినా, అది ఏ జీపును పిలుచుకొస్తుందోనని చదివేది.

ఇప్పుడు ఆమె భయానికి కారణం కూడా కాగితమే. హెబ్రోను అల్లూరు హైస్కూల్లో ఇంగ్లీషు మాష్టరు. ఉద్యోగం ఇంకా టెంపరరీ. పర్మనెంటు కావాలంటే పోలీసు రిపోర్టు రావాలి. చైనాతో యుద్ధం వచ్చినప్పటి నుంచి, ఎర్రజెండా నీడన నిలబడిన వాళ్లనల్లా లోపల వేస్తున్నారని ఊళ్లో చెప్పుకుంటున్నారు. ఇంతలో వీడు కవిత్వం రాశాడు.

ఊరి గ్రంథాలయానికి నెలకొక చేతిరాత పత్రిక వస్తుంది. ఒకటే ప్రతి. సంపాదకుడు హెబ్రోను, ఎత్తిరాసేది సామ్రాజ్యం. ఐదో తరగతి దాకా మిషన్ బడిలో చదివిన మనిషి ఆమె. గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరం. మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా ఆమె రాతే, ఆమె పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఈ నెల పత్రిక చిత్తుప్రతిని ఆమె పొద్దున్నే, ఆరాధనకు ముందే, కొడుకు పెట్టెలోంచి తీసి చదివేసింది. చదివినప్పటి నుంచి ఆమె చేతులు ఒకచోట నిలవడం లేదు. చాప దులిపింది, మళ్లీ దులిపింది.

హెబ్రోను కాగితాలు పట్టుకుని బయటికొచ్చాడు. “అమ్మా, నేను వారం రోజులు నెల్లూర్లో ఉంటా, టీచర్లకు ట్రైనింగు. శనివారానికి నువ్వు రాసి గ్రంథాలయంలో ఇచ్చెయ్.”

“ఈ తుఫాను ఎవురు నాయనా?” అంది సామ్రాజ్యం, కాగితం మీద వేలు పెట్టి.

అక్కడ ఇలా ఉంది: ‘తుఫానా రా, కొమ్మలు విరిచి రా, చివరి విత్తు దాకా రా. ఎర్రని పొద్దును వెంటబెట్టుకు రా.’

“ఎవరూ కాదు. ఆశ.”

“ఆశకు తుఫానని పేరేంది?”

తల్లి అడగడమే చాలు, హెబ్రోను గడప మీద కూర్చున్నాడు. క్లాసులో చెప్పినట్టే చెప్పుకొచ్చాడు. నూటయాభై ఏళ్ల పైమాట. సముద్రాల అవతల ఒక దేశంలో జనం రాజును గద్దె దించారట. ఆ వార్త విని పక్క దేశంలో పడుచు కవులకు నేల మీద కాలు నిలవలేదట. లోకమంతా ఇక మారిపోతుందనుకున్నారట. మారలేదు. దించినవాళ్లే ఒకరినొకరు నరుక్కున్నారు, ఇంకో రాజు వచ్చి కూర్చున్నాడు. అప్పుడు ఆ కవులు తమ ఆశను పారేయలేక, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గాలిలో, మబ్బులో, పిట్ట గొంతులో, మంచు కింద నిద్రపోయే విత్తనంలో దాచుకున్నారట.

“దాచుకొనేది దేనికి? నోటితో చెప్పకూడదా?”

“నోటితో చెబితే పట్టుకోని పోతారు గదమ్మా!” అని హెబ్రోను నవ్వాడు.

సామ్రాజ్యం మొగుడి వైపు తిరిగి చూసింది. ఏసుమణి తాడు మీదకు ఇంకాస్త వంగాడు.

“వాళ్ల దేశంలో గాలి ఎట్టాంటిదో నాకు తెలవదు,” అంది ఆమె. “నువ్వు చంకలో ఉన్నప్పుడు మన ఊరికి వచ్చింది గాలి. మన ఇంటి కప్పు పోయి సరుగుడు తోపులో పడింది. రెబెక్కమ్మత్త దూలం కింద నలిగి సచ్చిపోయింది. దాన్ని ఎవురన్నా రా రా అని పేరంటం పిలిచినట్టు పిలస్తారా?”

“అది వేరు. ఇది ప్రతీకమ్మా.”

“వచ్చేటప్పుడు అది ప్రతీకో కాదో చూసుకోని వస్తదా?”

ఏసుమణి పక్కున నవ్వాడు. హెబ్రోను కూడా నవ్వి, తల్లి భుజం మీద చేయి వేసి, పెట్టె పట్టుకుని బస్సుకు పోయాడు. ఆ నవ్వు సామ్రాజ్యానికి నచ్చలేదు. జకరయ్య కూడా అట్లాగే నవ్వేవాడు.

*

సోమవారం, మంగళవారం కాగితాల జోలికి పోలేదు. బుధవారం పొద్దున ఏసుమణి పొలం నుంచి వచ్చి పార గోడకానించి నిలబడ్డాడు. మొహం చూస్తేనే తెలిసింది.

“నీళ్లు రాలేదా?”

“రాలా. పై మళ్లవాళ్లు కాలవకు అడ్డంగా మట్టికట్ట ఏసినారు. నీళ్లొదిలే లస్కరును అడిగితే, నాదేముందబ్బా, పై నుంచి చెప్తే వదుల్తా అంటాడు. ఆ పైన ఎవురుండారో ఆయనకూ తెలవదు.”

వాళ్లది కాలవ కొసన, సముద్రం వైపు, ఎకరా ముప్పాతిక. మొలగొలుకుల వరి వేశారు. పైరు పొట్ట మీద ఉంది. ఇంకో పది రోజుల్లో తడి తగలకపోతే కంకి బయటికి రాదు, వచ్చినా తాలే. మడిలో పగుళ్లు కాలు దూరేటంత. కార్తెలు దాటినా వాన లేదు, ఉప్పుగాలి మాత్రం పొద్దస్తమానం వీస్తోంది. ఈ సంవత్సరం గింజలు రాకపోతే ఏం తింటారనే భయం సామ్రాజ్యానికి ఉంది గానీ, అది వరుసలో నాలుగోదో ఐదోదో. దాని ముందు హెబ్రోను ఉన్నాడు.

ఏసుమణి గంజి తాగి మళ్లీ పొలానికి పోగానే ఆమె పీట ముందర వేసుకుని, సిరా బుడ్డి పెట్టుకుని కూర్చుంది. ముందు పేజీలన్నీ తొందరగానే రాసేసింది. కవిత దగ్గర కలం ఆగింది.

తుఫాను. ఈ మాట రాయకూడదు. ఎర్రని పొద్దు. ఇది అసలే రాయకూడదు, ఎరుపన్న మాట కనిపిస్తే చాలు. ఆ పాదం మొత్తం వదిలేసింది. అయితే తుఫాను చోట ఏదో ఒకటి ఉండాలి గదా. మెత్తగా ఉండేది కావాలి, ఎవరికీ కోపం తెప్పించనిది. పూలు అనుకుంది, బాగాలేదు. వెన్నెల అనుకుంది, వెన్నెలను రమ్మంటే ఏం లాభం? చివరికి నీళ్లు అనుకుంది. నీళ్లకు రంగు లేదు. నీళ్లను పిలిస్తే ఎవరు తప్పు పడతారు? ‘కొమ్మలు విరిచి’ అంటే పోలీసు చదివితే విరిచేది ఎవరి కాళ్లని అడుగుతాడు. ‘గట్లు దాటి’ అని వేసింది. విత్తు అన్న మాటను మార్చాలని ఆమె అనుకోలేదు. నీళ్లూ గట్లూ వచ్చాక కలం దానంతట అదే మడి అని రాసింది.

‘నీళ్లారా రండి, గట్లు దాటి రండి, చివరి మడి దాకా రండి.’

మూడుసార్లు చదువుకుంది. భయపడటానికి ఏమీ దొరకలేదు. చాలా రోజుల తర్వాత ఆమెకు కాస్త హాయిగా అనిపించింది. వెంటనే చిత్తుప్రతి తీసుకుపోయి పొయ్యిలో పెట్టింది. చూరులో దొరికినట్టు ఇది దొరకకూడదు. పూర్తిగా కాలిందో లేదోనని బూడిదను పుల్లతో కెలికి చూసింది.

*

ఆదివారం మధ్యాహ్నం పక్కింటి చెంచమ్మ పరుగున వచ్చింది. ఆమె మొగుడు హజరత్తయ్యదీ కాలవ కొసనే, సామ్రాజ్యం వాళ్ల గట్టుకు గట్టు.

“అక్కా! మీ హెబ్రోనుకు ఇంగిలీషు తప్ప ఇంకేమీ రాదనుకున్నాం గదక్కా!”

సామ్రాజ్యం చేతిలోని చేట జారింది. “ఏమైంది? బస్సు బోల్తా పడిందా?”

“బస్సేందక్కా! పత్రిక!” చెంచమ్మ గుంజకు ఆనుకుని ఊపిరి తీసుకుంది. గ్రంథాలయంలో ఆదివారం చదువు వచ్చినవాళ్లు గట్టిగా చదివితే, రానివాళ్లు చుట్టూ కూర్చుని వింటారు. “పోయిన నెల ఏందో రాసినాడు, పిట్ట అంట, మంచు అంట. మాయాయన గోడకానుకోని గురక పెట్టినాడు. ఈసారి ఆ నీళ్ల పాట చదవంగానే లేచి నిలబడినాడు! ఇంకోసారి చదవండబ్బా అంటాడు. మూడోసారికి అందరూ కలిసి అంటా ఉండారు. మా ఇంట్లో పసిబిడ్డ కూడా నీళ్లారా రండి, నీళ్లారా రండి అంటా ఉండాది.”

“అది నీళ్ల గురించి,” అంది సామ్రాజ్యం. “ఉత్త నీళ్లు.”

“అందుకే గదక్కా!”

తెల్లవారి సోమవారం కాలవ కొస రైతులు నలభై మంది పారలు భుజాన వేసుకుని గట్టు వెంబడి పైకి నడిచారు. ఆడవాళ్లు కూడా పోయారు. ఏసుమణి, ఎప్పుడూ ఎవరితోనూ మాట పెంచుకోని మనిషి, గంజి కూడా తాగకుండా వాళ్లతో పోయాడు. సామ్రాజ్యం వీధి చివర దాకా పరిగెత్తింది, ఆగమని అరిచింది. వాళ్లు అనే మాట ఆమెకు వినిపిస్తూనే ఉంది, దూరమయ్యే కొద్దీ పాటలా. తన మూడు మాటలు. వాటిని వెనక్కి పిలవడం ఆమెకు చేతకాలేదు.

ఎవరినీ కొట్టలేదు. మట్టికట్ట తీసి పక్కన పోశారు, లస్కరు చూస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నానికి నీళ్లు వచ్చాయి. సామ్రాజ్యం గట్టు మీద నిలబడి చూసింది. ముందు పగుళ్లు తాగాయి, బుడబుడమని బుడగలొచ్చాయి. తర్వాత మడి మెల్లగా మెరిసింది. ఆమె కాళ్లు మడిలో పెట్టింది. చల్లదనం మోకాళ్ల దాకా పాకింది. ఏడుపొచ్చింది. అది సంతోషమో, భయమో తేల్చుకునే లోపలే కాలవ ఎగువనున్న పై రైతుల పిటిషను అల్లూరు చేరిందని చెంచమ్మ కేక వేసింది. గవర్నమెంటు జీతం తినే మాష్టరు కవిత రాసి జనాన్ని రెచ్చగొట్టాడని అందులో ఉందట.

*

మంగళవారం హెబ్రోను వచ్చాడు. దోవలోనే అందరూ చెప్పేశారు. పెట్టె దించకుండానే గ్రంథాలయానికి పోయి పత్రిక చదివి, ఇంటికొచ్చి వసారాలో నిలబడ్డాడు.

“అమ్మా, ఏం చేసినావు?”

“మూడు మాటలేగా నాయనా మార్చింది.”

“అందులో ఉన్నవే మూడు మాటలమ్మా.”

“నీ మంచికే గదా...”

“రెండేళ్లుగా రాస్తా ఉండా,” అన్నాడు హెబ్రోను. గొంతులో కోపం కంటే వేరే ఏదో ఉంది. “నా మాటకు ఒక్కడు లేచి నిలబడలా.”

ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు. మజ్జిగ కావాలంటే గ్లాసు ముందుకు జరిపాడు. సామ్రాజ్యం పొయ్యి దగ్గర నుంచి వసారాకు, వసారా నుంచి పెరట్లోకి తిరుగుతూనే ఉంది. తిట్టినా బాగుండుననుకుంది. జైలు, దగ్గు, ఉద్యోగం ఊడటం, ఊళ్లో తలెత్తుకోలేకపోవడం, అన్నిటినీ పేరుపేరునా అనుకుంది. ఈసారి అవి బయట ఆగేటట్టు కనిపించలేదు.

బుధవారం ఆమె ఒక సొరకాయ కొంగులో చుట్టుకుని అల్లూరు నడిచిపోయింది, హెడ్మాష్టరు రంగనాయకులు గారింటికి. ఆయన సొరకాయ పుచ్చుకోలేదు గానీ, కూర్చోమన్నారు.

“శుక్రవారం స్కూళ్ల ఇన్స్పెక్టరు గారు వస్తున్నారమ్మా. పత్రిక ఆయన దగ్గరే ఉంది. ఎత్తిరాసిన మనిషిని కూడా రమ్మన్నారు, నువ్వూ రావాలి. ఆయన తేల్చేది ఒకటే. ఆ వాక్యం మీవాడిదా, కాదా. కాదంటే ఉద్యోగానికి ఢోకా లేదు. అవునంటే ఆ రిపోర్టు పోలీసులకు పోతుంది, ఇక నా చేతిలో ఏమీ లేదు.”

“వాడిది కాదు సారూ.”

“అయితే చిత్తుప్రతి చూపించమను.”

సామ్రాజ్యం సొరకాయను మళ్లీ కొంగులో చుట్టుకుంది. “కాల్చేసినా.”

రంగనాయకులు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “అయితే ఎవరో ఒకరు నోటితో చెప్పాలి.”

ఇంటికొచ్చాక హెబ్రోను ముందు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది. “మాయమ్మ రాసిందని చెప్పు నాయనా. చెప్పి బయటపడు.” హెబ్రోను ముద్ద మింగి లేచిపోయాడు. ఆమె అన్నది నిజమే. అయితే వాడు అట్లా చెబితే తన గతి ఏమవుతుందోనని, ఆ మాట అంటుండగానే ఆమె భయపడింది. ఆడవాళ్లను ఏ జైల్లో పెడతారో, అక్కడ ఏం చేస్తారో ఆమెకు తెలియదు. చెప్పమని అడిగిన నోటితోనే, చెప్పకుండా ఉంటే బాగుండునని కూడా ప్రార్థించింది. అందుకు సిగ్గుపడింది, సిగ్గుపడుతూనే ప్రార్థించింది.

*

శుక్రవారం పదకొండు గంటలకు స్కూలు వరండాలో బల్ల వేశారు. ఇన్స్పెక్టరు గారు సన్నగా, ఉతికిన తెల్లబట్టల్లో ఉన్నారు. పక్కన రంగనాయకులు గారు. ఎదురుగా హెబ్రోను నిలబడ్డాడు. సామ్రాజ్యాన్ని, ఏసుమణిని స్తంభం దగ్గర నిలబడమన్నారు.

“ఈ చేతిరాత నీదేనా?” అన్నారు ఇన్స్పెక్టరు గారు.

“నాదే సారూ.”

“చాలా బాగుంది.” అంతే. ఆమె వైపు మళ్లీ చూడలేదు. పత్రికను బల్ల మీద తెరిచి ఉంచి, హెబ్రోనుతో మొదలుపెట్టారు. “మాష్టరు గారూ, ఈ ‘నీళ్లు’ అంటే ఎవరు?”

హెబ్రోను పత్రిక వైపు చూశాడు.

“‘గట్లు’ అంటే ఎవరు? పై రైతులా, ప్రభుత్వమా? ‘చివరి మడి’ అంటే ఏ వర్గం? నేనూ ఇంగ్లీషు ఎం.ఏ. చదివినవాణ్ణే. గాలి అని రాస్తే విప్లవమని, మొగ్గ అని రాస్తే తిరుగుబాటని చదువుకోవాలి, అంతేనా? ఆ పాఠం నేను పదేళ్లు చెప్పాను. నీళ్లారా రండి! మనుషుల్ని పిలిచినట్టు పిలిచారు. నీళ్లకు ‘రండి’ అని మర్యాద ఎందుకండీ?”

“పత్రికకు సంపాదకుణ్ణి నేనండీ. బాధ్యత నాదే.”

“బాధ్యత సంగతి నేను అడగలేదు. ఈ వాక్యం రాసింది మీరా, కాదా? అవును, కాదు. ఒక్క మాట.”

హెబ్రోను తల వంచుకున్నాడు. వాడి మెడ వెనక నరం కొట్టుకోవడం సామ్రాజ్యానికి కనిపించింది. ఇప్పుడు చెబుతాడనుకుంది. వాడి కుడి చేయి పిడికిలి బిగుసుకుంది, విడింది. ఇన్స్పెక్టరు గారు కలం మూత తీశారు. రంగనాయకులు గారు గోడ మీది గడియారం వైపు చూశారు. పక్క క్లాసులో పిల్లలు ఎక్కాలు చెప్పడం ఆపి కిటికీల్లోంచి చూస్తున్నారు. ఏసుమణి ఊపిరి ఆమె చెవి దగ్గర వినిపిస్తోంది. అప్పుడు ఆమెకు తెలిసిపోయింది, వీడు చెప్పడు. అవుననడు, ఎందుకంటే అది అబద్ధం. కాదనడు, ఎందుకంటే అప్పుడు ఎవరిదని అడుగుతారు. ఇట్లాగే నిలబడతాడు. కాగితం మీద సిరా పడేదాకా, ఆ కాగితం పోలీసులకు పోయేదాకా తల వంచుకుని ఇట్లాగే నిలబడతాడు. నాలుగు రోజులుగా వాడి మౌనం తన మీది కోపమే అనుకుంది ఆమె.

ఇన్స్పెక్టరు గారు కలం కాగితానికి ఆనించారు.

“నీళ్లంటే నీళ్లే సారూ,” అంది సామ్రాజ్యం. స్తంభం వదిలి బల్ల దాకా నడిచొచ్చింది. “ఆ ముక్క వాడిది కాదు, నాది. మాది కాలవ కొసన ఎకరా ముప్పాతిక. పైరు పొట్ట మీద ఉండాది. నీళ్లు రావాలనిపించింది, రమ్మని రాసినా. రాకరాక వచ్చేవాటిని మర్యాదగానే పిలవాల గదా సారూ.”